వయసు పైబడే కొద్దీ కండరంలోని ప్రోటీన్లు

ఎముకలను అంటిపెట్టుకుని, మన ఇష్టప్రకారం కదిలే కండరాలను అస్థి కండరాలు అంటారు. వయోజనుల శరీర బరువులో ఇవి సుమారు 40 శాతం. కండరంలో నాలుగింట మూడు వంతులు నీరే. ఐదో వంతు ప్రోటీన్. ఒంట్లోని ప్రోటీన్లన్నిటిలో సగానికి పైగా ఉండేది ఈ కండరాల్లోనే. నడవడానికి, బరువులెత్తడానికే కాదు, జబ్బు చేసి అన్నం సయించని రోజుల్లో కాలేయానికీ రోగనిరోధక కణాలకూ కావలసిన అమైనో ఆమ్లాలు ఇక్కడి నుంచే వెళ్తాయి. పెద్ద గాయమైనా, జ్వరం వారాల తరబడి పట్టుకున్నా మనిషి కండ కరిగి చిక్కిపోవడానికి కారణం అదే.

వయసుతో ఈ నిల్వ తగ్గుతుంది. సత్తువ తగ్గిందనీ, కాళ్ళలో పట్టు లేదనీ, చెయ్యి ఊనకుండా నేల మీది నుంచి లేవలేకపోతున్నామనీ పెద్దవాళ్ళు చెప్పే మాటల వెనక చాలావరకు ఉన్నది ఈ మార్పే. అయితే కండరంలో వేలాది రకాల ప్రోటీన్లున్నాయి. వయసు వాటన్నిటినీ ఒకే తీరున తగ్గించదు. కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి, కొన్ని పరిమాణంలో మారకుండానే దెబ్బతిని పని తప్పుతాయి. కండ ఎంత తరిగిందన్న లెక్క ముసలితనపు బలహీనతలో కొంత భాగాన్నే వివరించగలదు. మిగతాది అర్థం కావాలంటే కండరం లోపల ప్రోటీన్ల పొందిక ఎలా మారిందో చూడాలి.

కండరంలో ఉండే ప్రోటీన్లు

కండర తంతువు ఒక పొడవాటి కణం. ఒక్కో తంతువులో వందలాది కేంద్రకాలుంటాయి. దాని నిడివి పొడవునా సార్కోమియర్లు అనే సంకోచ ఘటకాలు వరుసగా పేర్చి ఉంటాయి. సార్కోమియర్‌లో మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను పట్టి లాగడం వల్లే కండరం ముడుచుకుంటుంది. సంకోచానికి పనికొచ్చే ఈ ప్రోటీన్లు కండరంలోని మొత్తం ప్రోటీన్లలో సగానికి మించి ఉంటాయి. వీటిని సరిగ్గా నిలబెట్టే టైటిన్ మనిషి శరీరంలో అతిపెద్ద ప్రోటీన్. దాని ఒక్క అణువులోనే ముప్పై వేలకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి.

తంతువుల్లో నెమ్మదివి, వేగవంతమైనవి అని రెండు తరగతులున్నాయి. ఒకటో రకం తంతువులు నెమ్మదిగా పనిచేస్తాయి, త్వరగా అలసిపోవు. నిటారుగా నిలబడడానికి, చాలాసేపు నడవడానికి ఇవి ఆధారం. రెండో రకం తంతువులు వేగంగా, బలంగా ముడుచుకుంటాయి. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి, మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి కావలసినవి ఇవే. రెండు రకాల మధ్య తేడాను నిర్ణయించేది ముఖ్యంగా మయోసిన్ భార శృంఖలం. నెమ్మది తంతువుల్లో ఒక రూపం ఉంటుంది, వేగ తంతువుల్లో 2ఎ, 2ఎక్స్ అనే రూపాలుంటాయి. ఇక శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ప్రోటీన్లు, గ్లూకోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌లు, కాల్షియాన్ని వదిలి తిరిగి పట్టుకునే పంపులు, తంతువుల చుట్టూ ఒరలా అల్లుకున్న కొల్లాజెన్, ఇవన్నీ కండరంలో భాగమే.

ఎలా తెలుసుకున్నారు

ఈ శాస్త్రమంతా ఒక సూది మీద నిలబడింది. 1962లో స్వీడన్ వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ తొడ కండరం నుంచి చిన్న ముక్క తీయగల బోలు సూదిని పరిశోధనలో వాడుకలోకి తెచ్చాడు. అప్పటి నుంచి తొడ బయటి వైపున ఉండే వాస్టస్ లేటరాలిస్ కండరమే ఈ రంగానికి ప్రధాన నమూనా అయింది. కండర వృద్ధాప్యం గురించి మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం ఈ ఒక్క కండరం నుంచి తెలిసిందేనని పాఠకులు గుర్తుంచుకోవాలి. భుజం, వెన్ను, ఊపిరిని నడిపే కండరాలు అన్నీ అదే వేగంతో, అదే తీరుతో మారతాయని అనుకోవడానికి వీల్లేదు.

ప్రోటీన్ ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎంత వేగంగా తయారవుతోందన్నది మరో ప్రశ్న. రెండోదానికి కార్బన్-13 లాంటి స్థిర ఐసోటోపులతో గుర్తుపెట్టిన అమైనో ఆమ్లాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. కొన్ని గంటల వ్యవధిలో రెండు ముక్కలు తీసి, ఆ గుర్తున్న అమైనో ఆమ్లం కండర ప్రోటీన్‌లోకి ఎంత చేరిందో చూస్తారు. గత ఇరవై ఏళ్ళలో మాస్ స్పెక్ట్రోమీటర్లు మెరుగుపడ్డాక ఒక్క ముక్కలోనే వేలాది ప్రోటీన్లను ఒకేసారి లెక్కించే ప్రోటియోమిక్స్ పద్ధతులు వచ్చాయి.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలో వచ్చే విలువ సాధారణంగా ఒక మిల్లీగ్రాము కండరంలో ఎంత అన్నది. మనిషికి మిగిలినది మొత్తం ఎంత అన్నది వేరే లెక్క. ఒక ప్రోటీన్ మిల్లీగ్రాముకు మారకుండా ఉన్నా, కండరం మొత్తం మూడో వంతు కుంచించుకుపోతే ఆ మనిషి దగ్గర ఆ ప్రోటీన్ మూడో వంతు పోయినట్టే. పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి పొసగనట్టు కనబడే చోట్ల చాలాసార్లు ఈ రెండు లెక్కలూ కలిసిపోయి ఉంటాయి.

కండ తరగడం, బలం తగ్గడం

1988లో స్వీడన్ పరిశోధకుడు యాన్ లెక్సెల్, సహచరులతో కలిసి, హఠాత్తుగా చనిపోయిన 43 మంది పురుషుల తొడ కండరాలను మొత్తంగా అడ్డకోత కోసి పరిశీలించాడు. వాళ్ళ వయసు 15 నుంచి 83 మధ్య. కండరం తగ్గడం 25 ఏళ్ళ ప్రాంతంలోనే మెల్లగా మొదలవుతుందనీ, 50 దాటాక వేగం పుంజుకుంటుందనీ, 80 నాటికి దాదాపు 40 శాతం విస్తీర్ణం పోతుందనీ తేలింది. ప్రతి తంతువూ కాస్త కాస్త సన్నబడడం వల్ల వచ్చిన తగ్గుదల కాదిది. చాలా తంతువులు అసలు లేకుండా పోయాయి. మిగిలినవాటిలో వేగ తంతువులు బాగా సన్నబడ్డాయి. నెమ్మది తంతువులు దాదాపు పూర్వపు మందంలోనే నిలిచాయి.

1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ పోషకాహార శాస్త్రవేత్త ఈ స్థితికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పేరు వచ్చాకే పరిశోధనకు నిధులు, వైద్యుల దృష్టి వచ్చాయి. 2016లో అమెరికా వైద్య సంకేతాల జాబితాలో దీనికి ప్రత్యేక సంఖ్య దక్కింది.

మొదట్లో సార్కోపీనియా అంటే కండ తక్కువ కావడమే అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని బలంగా మార్చినది 70 నుంచి 79 ఏళ్ళ వయసున్నవాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించిన ఒక అమెరికా అధ్యయనం. 2006లో బ్రెట్ గుడ్‌పాస్టర్ బృందం ప్రకటించిన ఆ ఫలితాల్లో కాళ్ళ కండ ఏటా ఒక శాతం చొప్పున తగ్గితే, బలం దాదాపు మూడు రెట్ల వేగంతో తగ్గింది. కండ నిలబెట్టుకున్నవాళ్ళలోనూ బలం పడిపోయింది. అంటే మిగిలి ఉన్న కండ కూడా మునుపటి కండ కాదు.

అందుకే ఇప్పటి నిర్ధారణ ప్రమాణాలు బలంతో మొదలవుతాయి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన కొలతల ప్రకారం పిడికిలి బలం పురుషుల్లో 28 కిలోలు, స్త్రీలలో 18 కిలోల కంటే తక్కువైతే అనుమానించాలి. చేతులు వాడకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకుమించి పట్టినా అంతే. పిడికిలి బలానికీ ఆయుర్దాయానికీ ఉన్న సంబంధం గట్టిది. 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేల మందిని గమనించి 2015లో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో పిడికిలి బలం ప్రతి 5 కిలోలు తగ్గితే మరణ ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ దేశాల్లో మన దేశమూ ఉంది.

ఎడతెగని మార్పిడి

కండరంలోని ప్రోటీన్ స్థిరమైన సరుకు కాదు. ఏటా వానలకు ముందు పెంకుటింటి కప్పు మీద పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దినట్టు, కండరం పాత ప్రోటీన్లను విడగొట్టి కొత్తవి కట్టుకుంటూనే ఉంటుంది. రోజుకు ఒక శాతం, ఆ పైన కొంచెం, ఇలా మారుతుంది. తిన్న తర్వాత కొన్ని గంటలు తయారీ వేగం పెరుగుతుంది, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు విచ్ఛిన్నం పైచేయి అవుతుంది. రెండూ సరితూగితే కండ నిలుస్తుంది. ఏళ్ళ తరబడి చూస్తే ముసలితనంలో లోటు చాలా చిన్నది, రోజువారీ కొలతలో దాదాపు చిక్కనంత చిన్నది. అదే ముప్పై నలభై ఏళ్ళు పేరుకుపోయి మనిషిని వంచుతుంది.

లోటు ఎక్కడుందన్న విషయం మీద చాలాకాలం వాదం నడిచింది. 1990లలో జరిగిన కొన్ని ప్రయోగాలు వృద్ధుల్లో తయారీ వేగమే తక్కువని చెప్పాయి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం 1997లో మయోసిన్ భార శృంఖలాన్ని విడిగా తీసి చూసి, దాని తయారీ నడివయసుకే తగ్గిపోతుందని కనుగొంది. అయితే 2001లో ఎలీనా వోల్పి బృందం ఆరోగ్యంగా ఉన్న యువకులనూ వృద్ధులనూ పోల్చినప్పుడు, ఉపవాస స్థితిలో మొత్తం కండర ప్రోటీన్ తయారీ వృద్ధుల్లో తక్కువగా లేదని తేలింది. ఈ రెండు ఫలితాలూ పూర్తిగా ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొత్తం ప్రోటీన్ సగటు వేగం మారకపోయినా, లోపల మయోసిన్ లాంటి కొన్ని ముఖ్యమైనవి వెనకబడవచ్చు. ప్రయోగానికి ఎవరిని ఎంచుకున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ వేరు. వృద్ధుల కండరం తిండికీ వ్యాయామానికీ స్పందించడంలో మందగిస్తుంది. 2005లో బ్రిటన్‌లో మైకేల్ రెన్నీ బృందం యువకులకూ వృద్ధులకూ వేర్వేరు మోతాదుల్లో అమైనో ఆమ్లాలు ఇచ్చి, ఒకే మోతాదుకు వృద్ధుల కండరంలో ప్రోటీన్ తయారీ తక్కువగా పెరుగుతుందని చూపింది. మరుసటి ఏడాది మరో బృందం 6.7 గ్రాముల అత్యవసర అమైనో ఆమ్లాలు ఇచ్చింది. అందులో ల్యూసిన్ 26 శాతం ఉన్నప్పుడు వృద్ధుల కండరం కదల్లేదు, 41 శాతానికి పెంచితే స్పందించింది. యువకులకు రెండూ ఒకటే. భోజనంలోని ల్యూసిన్ కణంలోని ఎం-టార్ అనే ప్రోటీన్ ద్వారా, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లకు పని మొదలుపెట్టమని సంకేతం పంపుతుంది. ముసలి కండరానికి ఆ సంకేతం గట్టిగా అందితే తప్ప పని మొదలవదు.

ఇది వయసు ఒక్కదాని ఫలమా, కదలకుండా కూర్చోవడం ఫలమా? 2013లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు రెండు వారాల పాటు నడక బాగా తగ్గించుకున్నారు. అంత కొద్ది కాలానికే భోజనం తర్వాత వాళ్ళ కండరంలో జరగాల్సిన ప్రోటీన్ తయారీ నాలుగో వంతు పడిపోయింది, కాళ్ళ కండ కూడా తగ్గింది. కాబట్టి ముసలితనానికి అంటగడుతున్న నష్టంలో కొంత భాగం నిజానికి కూర్చున్న చోటి నుంచి లేవకపోవడానిదే. ఎంత భాగమన్నది మనిషి మనిషికీ మారుతుంది.

విచ్ఛిన్నం వైపు చిత్రం ఇంత స్పష్టంగా లేదు. చెడిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే ముద్ర వేసి ప్రోటియోసోమ్ అనే యంత్రంలో ముక్కలు చేయడం ఒక దారి. దీన్ని కనుగొన్నందుకు 2004లో ముగ్గురికి రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. కండరంలో ఈ ముద్ర వేసే అట్రోజిన్-1, మర్ఫ్-1 అనే ఎంజైమ్‌లను 2001లో గుర్తించారు. మంచాన పడ్డప్పుడు, క్యాన్సర్‌లో, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో ఇవి విపరీతంగా పెరుగుతాయి. మామూలు వృద్ధాప్యంలో మాత్రం కొన్ని అధ్యయనాల్లో పెరిగాయి, కొన్నిటిలో తగ్గాయి, కొన్నిటిలో మారలేదు. రెండో దారి ఆటోఫేజీ, అంటే కణం తన లోపలి చెత్తను తానే మింగి జీర్ణం చేసుకోవడం. దీని మీద జరిపిన కృషికి యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఎలుకల కండరంలో ఆటోఫేజీకి అవసరమైన జన్యువును తీసేస్తే కండ మిగలడానికి బదులు ఇంకా కరిగిపోయింది. విచ్ఛిన్నాన్ని ఆపేస్తే కండ పెరుగుతుందన్న సులువైన ఊహ అక్కడ వీగిపోయింది. పాతది తీయకుండా కొత్తది నిలవదు.

తగ్గేవి, పెరిగేవి

అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థలో లుయీజీ ఫెరూచీ నాయకత్వాన సాగిన ఒక ప్రోటియోమిక్స్ అధ్యయనం 2019లో వెలువడింది. 20 నుంచి 87 ఏళ్ళ మధ్య ఉన్న 58 మంది తొడ కండరాన్ని అందులో పరిశీలించారు. జబ్బుల ప్రభావం కలవకుండా పూర్తి ఆరోగ్యవంతులనే ఎంచుకున్నారు. అందుకే దీనికి విలువ. నాలుగు వేలకు పైగా ప్రోటీన్లను లెక్కించగా వెయ్యికి పైగా వయసుతో పాటు మారుతూ కనిపించాయి.

స్పష్టంగా తగ్గినవి మైటోకాండ్రియా ప్రోటీన్లు. సిట్రిక్ ఆమ్ల వలయపు ఎంజైమ్‌లు, శ్వాస శృంఖలంలో ఎలక్ట్రాన్లను చేరవేసే ప్రోటీన్లు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఎంజైమ్ భాగాలు ఇందులో ఉన్నాయి. ఇది అనూహ్యమేమీ కాదు. నాయర్ బృందమే 2005లో 18 నుంచి 89 ఏళ్ళ వరకు 146 మందిని పరీక్షించి, కండర మైటోకాండ్రియా ఏటీపీ తయారుచేసే శక్తి దశాబ్దానికి సుమారు 8 శాతం తగ్గుతుందని తెలిపింది. కొత్త అధ్యయనం చేర్చిన సంగతి రైబోసోమ్‌లది. ప్రోటీన్లు తయారుచేసే యంత్రపు భాగాలే తగ్గిపోతే తిండికీ వ్యాయామానికీ స్పందన మందగించడంలో వింతేముంది? గ్లూకోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌లు కూడా తగ్గాయి.

పెరిగినవాటిలో మొదటివి రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన ప్రోటీన్లు. ముసలి శరీరంలో ఇన్ఫెక్షన్ లేకపోయినా సన్నటి మంటలా వాపు ప్రక్రియ నడుస్తూనే ఉంటుంది. అది కండరంలోనూ కనిపిస్తుందన్నమాట. ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా చూసే, చెడినవాటిని ఏరేసే రక్షక ప్రోటీన్లు కూడా పెరిగాయి. దీన్ని కండరం దెబ్బతిన్నదనడానికి గుర్తుగా చూడాలా, ఆ దెబ్బను తట్టుకునే ప్రయత్నంగా చూడాలా? రెండోదే సబబని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఈ రక్షణ చేవ నిలిచిన తంతువులే ఎక్కువకాలం మందంగా ఉంటున్నాయి. ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే యంత్రాంగపు ప్రోటీన్లు పెరగడం మాత్రం అనుకోని ఫలితం. ఒకే జన్యువు నుంచి వేర్వేరు ప్రోటీన్ రూపాలు రావడం ఈ యంత్రాంగం పనే.

నెమ్మది తంతువులకూ వేగ తంతువులకూ ఉన్న తేడాను అద్భుతంగా చూపినది 2017లో మార్టా ముర్జియా, మథియాస్ మన్ బృందం చేసిన పని. కండరం ముక్కనంతటినీ నూరడం మాని, ఒక్కొక్క తంతువును విడిగా తీసి వాళ్ళు దానిలోని ప్రోటీన్లు లెక్కించారు. వయసుతో మైటోకాండ్రియా రెండు రకాల్లోనూ తగ్గాయి. కానీ గ్లూకోజ్, గ్లైకోజన్ వాడుకునే ఎంజైమ్‌లు నెమ్మది తంతువుల్లో పెరిగాయి, వేగ తంతువుల్లో తగ్గాయి. ఆక్టిన్, మయోసిన్‌లకు కాపలాకాసే సహాయక ప్రోటీన్లదీ అదే తీరు. కండరాన్ని మొత్తంగా నూరి కొలిస్తే ఈ రెండు వ్యతిరేక మార్పులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏమీ మారనట్టు కనబడే ప్రమాదముంది. నెమ్మది తంతువులు ఎందుకు నిలదొక్కుకుంటాయో, వేగ తంతువులు ఎందుకు ఓడిపోతాయో చెప్పడానికి ఇప్పటికి మన దగ్గరున్న మంచి ఆధారాల్లో ఇదొకటి.

ఎలుకల్లో కూడా మయోసిన్, ఇతర సంకోచ ప్రోటీన్లు వేగ రూపాల నుంచి నెమ్మది రూపాల వైపు జరుగుతాయని ఐర్లండ్‌లోని మేనూత్ విశ్వవిద్యాలయంలో కై ఓలెండిక్ బృందం వరుస అధ్యయనాల్లో చూపింది. మనుషుల్లో ఆ మార్పు అంత సూటిగా లేదు. ఒకే తంతువులో రెండు రూపాల మయోసిన్ కలిసి ఉండే మిశ్రమ తంతువులు వృద్ధుల్లో ఎక్కువగా కనబడతాయి.

తంతువుల మధ్యన కొల్లాజెన్ పేరుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, చక్కెరతో చర్య జరిగి కొల్లాజెన్ పోగుల మధ్య విడదీయరాని అడ్డబంధాలు ఏర్పడతాయి. దాంతో కండరం బిరుసెక్కుతుంది. మధుమేహం ఉన్నవాళ్ళలో ఇది మరింత. తంతువుల మధ్య కొవ్వు కూడా చేరుతుంది. తొడ చుట్టుకొలత తగ్గకపోయినా లోపల కండ తగ్గి ఉండడం అందువల్లే. భారతీయుల్లో సన్నగా కనబడే ఒంట్లోనూ కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉంటుందన్న సంగతిని పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ దశాబ్దాలుగా చెబుతున్నారు. నడివయసుకే తక్కువ నిల్వతో వచ్చేవారికి ముసలితనపు తరుగు మరింత భారమవుతుంది.

ఉన్నా పనిచేయనివి

ప్రోటీన్ పరిమాణం ఒక్కటే కొలిస్తే తప్పిపోయే నష్టం ఇది. ఆక్సిజన్ వాడకంలో పుట్టే చురుకైన అణువులు ప్రోటీన్లను ఆక్సీకరిస్తాయి, చక్కెర అణువులు వాటికి అతుక్కుంటాయి. స్వీడన్‌లో లార్స్ లార్సన్ బృందం ముసలి కండరం నుంచి తీసిన మయోసిన్ ఆక్టిన్‌ను నెమ్మదిగా జరుపుతుందని 1990ల చివర్లోనే చూపింది. ముసలి ఎలుకల కండరంలో, సంకోచ సమయంలో ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకునే మయోసిన్ తలల వాటా తగ్గుతుందని మరో ప్రయోగం తేల్చింది. మయోసిన్ అక్కడే ఉంది, కానీ అంత బలంగా లాగడం లేదు.

కాల్షియం వైపు కూడా అలాంటిదే. నాడి నుంచి సంకేతం రాగానే తంతువు లోపలి అర నుంచి కాల్షియం ఒక్కసారిగా బయటికి రావాలి. ఆ తలుపు పేరు రయనోడిన్ గ్రాహకం. ముసలి ఎలుకల్లో ఈ గ్రాహకం ఆక్సీకరణకు గురై కాల్షియాన్ని కొద్దికొద్దిగా కారుస్తూ ఉంటుందని 2011లో ఆండ్రూ మార్క్స్ బృందం తెలిపింది. అవసరమైన క్షణంలో వదలడానికి చాలినంత మిగలదు.

నాడి తెగిన తంతువు

కండరంలోని ప్రోటీన్ల గురించి మాట్లాడుతూ నాడుల్ని వదిలేస్తే అసలు కారణాల్లో ఒకదాన్ని వదిలేసినట్టే. వెన్నుపాములోని ఒక చాలక నాడీకణం, అది నడిపే తంతువులు కలిపి ఒక చాలక ఘటకం. 2005లో కెనడా పరిశోధకులు మోకాలి కింద ముందు వైపు ఉండే కండరంలో వీటి సంఖ్యను అంచనా వేశారు. ఇరవైల్లో ఉన్నవాళ్ళలో సగటున 150, అరవైల్లో 91, ఎనభైల్లో 59 తేలాయి. ఒక నాడీకణం చనిపోతే దాని తంతువులు అనాథలవుతాయి. పక్కనున్న నాడి కొమ్మ చాచి కొన్నిటిని చేరదీస్తుంది. చేరదీసే నాడి నెమ్మది రకానిదైతే వేగ తంతువు కూడా తన మయోసిన్ మార్చుకుని నెమ్మది తంతువు అవుతుంది. ఎవరూ చేరదీయనివి సన్నబడి మాయమవుతాయి. లెక్సెల్ చూసిన తంతువుల లోటుకు కారణం పెద్ద భాగం ఇదే.

దీనికి వ్యాయామం ఎంత వరకు అడ్డు వేయగలదు? అరవై దాటినా ఏళ్ళ తరబడి పరుగు మానని వాళ్ళ కాళ్ళలో చాలక ఘటకాల సంఖ్య యువకులకు దగ్గరగా ఉందని 2010లో ఒక అధ్యయనం చూపింది. వాళ్ళు పుట్టుకతోనే మంచి నాడులున్నవాళ్ళై, అందుకే పరుగు కొనసాగించి ఉండవచ్చు కూడా. ఇలాంటి పరిశీలనల్లో కారణాన్నీ ఫలితాన్నీ విడదీయడం కష్టం.

తంతువుల అంచున అంటుకుని నిద్రలో ఉండే శాటిలైట్ కణాలను అలెగ్జాండర్ మౌరో 1961లో కనుగొన్నాడు. గాయమైనప్పుడు ఇవి లేచి కొత్త కేంద్రకాలనిచ్చి కండరాన్ని బాగుచేస్తాయి. వయసుతో ఇవి తగ్గుతాయి, అదీ వేగ తంతువుల పక్కనే ఎక్కువగా. హార్మోన్ల తగ్గుదల కూడా దీనికి తోడవుతుంది. పురుషుల్లో టెస్టోస్టెరాన్ మెల్లగా, స్త్రీలలో ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ చప్పున పడిపోతాయి.

తిండి

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు ప్రోటీన్ లెక్కలు కట్టే సంస్థ. 2020 ప్రమాణాల ప్రకారం వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల నాణ్యమైన ప్రోటీన్ కావాలి. ఎక్కువగా ధాన్యం మీదే ఆధారపడే భోజనమైతే కిలోకు ఒక గ్రాము. వృద్ధుల పోషణ మీద 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 65 దాటిన ఆరోగ్యవంతులకే 1.0 నుంచి 1.2 గ్రాములు అవసరమని సూచించింది. జబ్బున్నవాళ్ళకు అంతకంటే ఎక్కువ చెప్పింది, కానీ మూత్రపిండాల జబ్బు ముదిరి డయాలిసిస్ లేనివాళ్ళను మినహాయించింది.

పూట లెక్క కూడా ముఖ్యమే. పాత ప్రయోగాల దత్తాంశాలను కలిపి 2015లో చేసిన ఒక విశ్లేషణ ప్రకారం కండర ప్రోటీన్ తయారీ గరిష్ఠానికి చేరడానికి యువకులకు ఒక్కసారికి కిలో బరువుకు 0.24 గ్రాముల ప్రోటీన్ చాలు, వృద్ధులకు 0.40 గ్రాములు కావాలి. 60 కిలోల పెద్దమనిషికి అది పూటకు 24 గ్రాములు. మన పళ్ళెంతో పోల్చి చూస్తే, పావుకిలో అన్నంలో ఆరేడు గ్రాములు, ముప్పై గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పులో మరో ఆరేడు, కప్పు పెరుగులో ఐదు. అంతా కలిపినా ఇరవైకి లోపే. రాత్రి పళ్ళూడిన పెద్దవాళ్ళు కాస్త పెరుగన్నంతోనో మజ్జిగతోనో సరిపెట్టుకుంటే పదికి కూడా చేరదు. వరిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పు ఆ లోటు పూడుస్తుంది. కనుక పప్పన్నం కలయిక మంచిదే, అందులో పప్పు పాలు పెరగాలి. గుడ్డు తినేవాళ్ళకు ఒక్కోదానిలో ఆరు గ్రాములు సులువుగా వస్తాయి. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడుల విషయంలో అదే హైదరాబాద్ సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో జాగ్రత్త చెప్పింది.

వ్యాయామం

1990లో మరియా ఫియాటరోన్ బాస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో, తొంభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళకు ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. అప్పటిదాకా ఆ వయసులో కండరం ఇక పెరగదన్నదే వైద్యుల్లో వ్యాపించిన అభిప్రాయం. 1994లో సగటు వయసు 87 ఉన్న 100 మందితో పది వారాలు చేసిన పెద్ద ప్రయోగంలో వ్యాయామం చేసినవాళ్ళ బలం 113 శాతం పెరిగితే, చేయనివాళ్ళది 3 శాతం. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం ఒక్కటే ఇస్తే లాభం కనబడలేదు.

లోపల ప్రోటీన్లకు ఏమవుతుందో 2017లో నాయర్ బృందం చూపింది. 65 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 12 వారాల పాటు, కొద్ది నిమిషాలు తీవ్రంగా సైకిల్ తొక్కి కాసేపు ఆగే పద్ధతిలో సాధన చేస్తే, కండరంలో మైటోకాండ్రియా శ్వాస సామర్థ్యం 69 శాతం పెరిగింది. అదే సాధన చేసిన యువకుల్లో 49 శాతం. రైబోసోమ్ ప్రోటీన్లు, మైటోకాండ్రియా ప్రోటీన్లు పెరిగాయి. ఆ పెరుగుదలలో చాలాభాగం ఆర్‌ఎన్‌ఏ పెరగకుండానే జరిగింది. అంటే వ్యాయామం జన్యువుల నుంచి కొత్త ఆదేశాలు తెప్పించడం కంటే, ఉన్న ఆదేశాలను ప్రోటీన్లుగా మార్చే పనిని చురుకుచేసింది. వయసుతో తగ్గే జాబితాలో మొదటి వరుసలో ఉన్నవే ఇక్కడ తిరిగి పెరిగాయి. బరువుల సాధన కండను, బలాన్ని ఎక్కువ పెంచుతుంది, సైకిల్ సాధన మైటోకాండ్రియాను ఎక్కువ పెంచుతుంది. పెద్దవాళ్ళకు రెండూ కావాలి.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచేది ఆస్పత్రి మంచం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచిన 2007 నాటి ప్రయోగంలో కాళ్ళ నుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది, ప్రోటీన్ తయారీ 30 శాతం తగ్గింది. జబ్బు లేకుండా, సరిపడా ప్రోటీన్ తింటూ ఉన్నవాళ్ళ సంగతి ఇది. తుంటి ఎముక విరిగి, నొప్పితో తిండి తగ్గి పడుకున్న మనిషికి ఎంత పోతుందో ఊహించవచ్చు. ఆపరేషన్ అయిన మర్నాడే రోగిని లేపి నిలబెట్టాలని ఇప్పుడు వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. ఇంట్లోవాళ్ళు జాలిపడి పడుకోనివ్వమనడం రోగికి మేలు చేయదు.

మందులు

సార్కోపీనియాకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. 1997లో సె-జిన్ లీ బృందం కనుగొన్న మయోస్టాటిన్ అనే ప్రోటీన్ కండ పెరుగుదలను అడ్డుకుంటుంది. దాని జన్యువు పోయిన ఎలుకల్లో కండ రెట్టింపయింది. ఆ అడ్డును తొలగించే మందుల మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. వాటిలో ఒకటైన బిమాగ్రుమాబ్‌ను సార్కోపీనియా ఉన్న వృద్ధులకు 24 వారాలు ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితాల్లో కండ పెరిగింది. నడక, లేచి కూర్చోవడం లాంటి పనుల్లో మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళ కంటే మెరుగుదల రాలేదు. రెండు గుంపులకూ పోషకాహారం, వ్యాయామం ఇచ్చారు, రెండు గుంపులవాళ్ళూ కొంత బాగుపడ్డారు. ఎం-టార్‌ను అణిచే రాపమైసిన్ ముసలి ఎలుకల కండరాన్ని కాపాడిందని 2020లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు చూపారు. ప్రోటీన్ తయారీని మొదలుపెట్టే ప్రోటీన్‌నే అణిస్తే కండ నిలవడం వింతగా తోచవచ్చు. ముసలి కండరంలో ఎం-టార్ తిండి లేనప్పుడు కూడా ఆగకుండా పనిచేస్తూ, చెత్త ఏరే ఆటోఫేజీని తొక్కిపెడుతుందన్నది ఒక వివరణ. మనుషుల్లో దీన్ని ఇంకా తేల్చవలసి ఉంది. బరువు తగ్గించే కొత్త సూది మందులు కొవ్వుతో పాటు కండనూ కొంత తీసుకుపోతున్నందున, మయోస్టాటిన్ దారిని అడ్డే మందులను వాటితో కలిపి ఇచ్చే ప్రయోగాలు ఇప్పుడు నడుస్తున్నాయి.